వాసనకందని ఉప్పు

ఆ పొద్దుట గొడవ చారులో ఉప్పు గురించి. లేదని దత్తు, వేశానని వాగ్దేవి. అక్కడినుంచి ఉప్పుగిన్నె ఎవరి పక్కన ఉండాలనే దాకా వెళ్ళింది. చివరికది అత్తగారు మీనాక్షమ్మ కంచం పక్కకు చేరింది.

"ఉప్పులేని చారూ, ఊసులేని పెళ్ళామూ. ఈమధ్య మనింట్లో రెండూ వడ్డిస్తున్నారమ్మా" అని తల్లితో అని, ఆఫీసుకి వెళ్ళిపోయాడు దత్తు.

ఆ ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టందే ఎవరూ వంట రుచి చూడరు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరిని బట్టే తెలుసుకోవాలి. తెనాలికి కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ విద్య వాగ్దేవికి పట్టుబడింది. మూత తీయగానే నాలుక కింద నీళ్ళూరేవి. ఇంకో చిటికెడు వెయ్యాలో అక్కర్లేదో ఆ ఊరడమే చెప్పేది. ఇప్పుడు మూత తీస్తే ఉత్త ఆవిరే.

ఎందుకో ఆమెకు తెలుసు. పోపులపెట్టె వెనక దాచిన మాత్రలు ఆకలితో పాటు ఆ విద్యనూ పట్టుకుపోయాయి.

రేపల్లెలో తమ్ముడి పెళ్ళి దగ్గరపడుతోంది. తన పెళ్ళినాటి పట్టుచీర తీసి చూసుకుంటే, జాకెట్టు రెండంచులూ ఒకదాన్నొకటి చూసుకుంటూ దూరంగా ఆగిపోయాయి. బాపట్లలో ఉండే పిన్నికూతురు హరిత, డాక్టరు రాసిన మాత్రలతో అప్పటికే సన్నబడింది. అడగ్గానే, పక్కింటికి పెరుగుతోడు ఇచ్చినంత తేలిగ్గా, తన అట్టలో సగం కత్తిరించి ఇచ్చింది. అవి అయిపోయాక వాగ్దేవి పుట్టింటికి వెళ్ళినప్పుడు, రేపల్లె మందుల షాపులో ఖాళీ అట్ట చూపించింది. చీటీ లేనిదే ఇవ్వకూడని మందు. షాపాయన కాస్త తటపటాయించి, "సుబ్బరామయ్య మాస్టారి అమ్మాయివి కదూ" అంటూ తీసిచ్చాడు. ఆ ఊళ్ళో తండ్రి పేరే చీటీ అయింది.

ఆ సాయంత్రం ఒకటి వేసుకుని ఎక్కితే, తిరుగు రైల్లో ఒళ్ళు దూదిలా తేలిపోయింది. భట్టిప్రోలు దాటాక, రైలు నిలబడే ఉందనీ, పచ్చటి చేలే తనను దాటుకుంటూ సముద్రానికి పోతున్నాయనీ అనిపించింది. ఆ చేల మీద, పట్టుచీరలో, కాళ్ళు నేలకానకుండా తనే నడుస్తోంది. నోరు ఎండిపోయింది. చెవుల్లో దడదడమని చప్పుడు. రైలుదే అనుకుంది. ఇంటికి చేరాక కూడా ఆ రైలు ఆగలేదు. తిరగలి ముందు కూర్చున్నా, బట్టలు ఆరేస్తున్నా, ఎక్కడో దూరంగా నడుస్తూనే ఉంది. నిద్ర మాత్రం రావడం మానేసింది.

ఉప్పు గొడవ అయిన మధ్యాహ్నం మీనాక్షమ్మ వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించింది. "అమ్మాయ్, పోపులపెట్టె వెనకవి నేనూ చూశాలే. నాకూ ఒక అట్ట తెప్పించు. మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది."

వాగ్దేవి సరేనంది, కలలో అన్నట్టు. మర్నాడు హరితనడిగి తెద్దామని బాపట్ల ప్యాసింజరు ఎక్కాక, నిడుబ్రోలు దగ్గర ఆ మాట అర్థం తెలిసొచ్చింది. అత్తగారు నిరుడే గుండెనొప్పితో గుంటూరు ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి.

హరితతో ఆ మాట చెబితే ఆమె ముఖం పాలిపోయింది. ఇద్దరూ కలిసి, ఆ మందు రాసిన డాక్టరమ్మ జ్ఞానానందం గారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ అంతా విని, ముందు వాగ్దేవి చేతికే బీపీ పట్టీ చుట్టింది. ఆ మీదట నెమ్మదిగా చెప్పింది. హరితకు బీపీ, గుండె చూశాకే ఆ మందు రాసింది. ఇప్పటికీ నెలనెలా చూస్తూనే ఉంది. అది హరిత ఒంటి కొలతకు రాసిన మందు. వాగ్దేవికి బీపీ ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువగా ఉంది.

"గుండెదడ ఎప్పట్నుంచమ్మా?"

"దడా? అది రైలు చప్పుడనుకున్నానండి."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ అత్తగారి గుండెకు ఆ రైలు ఎక్కే శక్తి లేదు" అంది. మాత్రలు ఆ పూటే మానేయమనీ, మళ్ళీ వచ్చి చూపించుకోమనీ చెప్పింది.

మానేశాక మెల్లగా నిద్ర వచ్చింది. రైలు ఏ స్టేషన్లో ఆగిందో తెలియదు. ఒక ఆదివారం చారు మూత తీయగానే నాలుక కింద చివ్వున నీళ్ళూరాయి. ఇంకో చిటికెడు ఉప్పు వేసింది.

ఆ పూట ఉప్పుగిన్నె జోలికి ఎవరూ పోలేదు. దత్తు రెండోసారి చారు పోయించుకున్నాడు. తన కంచం కూడా పెట్టుకుని కూర్చుని, వాగ్దేవి జరిగినదంతా దాచకుండా చెప్పింది. చెప్పి, అత్తగారి వైపు తిరిగింది.

"ఆ మాత్రలు నేను మానేశాను, మీకూ తేనండి అత్తయ్యా. ఈసారి బాపట్ల మీరూ రండి, మోకాళ్ళ సంగతి డాక్టరుగారినే అడుగుదాం. నాన్నగారి పేరు చెప్పి ఎవరొచ్చినా చీటీ లేందే ఇవ్వొద్దని, ఆయన చేతే ఆ షాపాయనకు చెప్పించాను. పెళ్ళికి ఆ పట్టుచీరే కట్టుకుంటా. జాకెట్టు కొత్తది కుట్టించుకుంటాను."