ఖాళీ కడుపుతో వేసుకోవలెను

మందుల డబ్బాల్లో మడిచి పెట్టే చీటీ చూశారా? చీమ తలకాయంత అక్షరాలు. దాన్ని ఈ లోకంలో ఎవడూ చదవడు, నేను తప్ప. అచ్చుకు వెళ్ళేముందు తప్పులు చూడటం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే కుర్చీ, అదే భూతద్దం, అదే "పిల్లలకు అందకుండా ఉంచవలెను". మానేద్దామంటే భయం, ఉందామంటే ఏడుపు. రోజూ ఇంట్లో ఇదే పురాణం విప్పేసరికి మా ఆవిడకు విసుగొచ్చింది.

"వెళ్ళి ఆ గుండాయనకు చెప్పుకోండి. ఆయనకెలాగూ పనీపాటా లేదు, వింటాడు," అంది.

గుండాయనంటే మా వీధి చివర, టైర్ల కొట్టు పైఅంతస్తులో ధ్యానం నేర్పే బౌద్ధ భిక్షువు. ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఆయన గోడకు చేరగిలబడి మోకాళ్ళు నొక్కుకుంటున్నాడు. నిర్వాణానికి దగ్గరపడ్డ మనిషిలా లేడు, బస్సు తప్పినవాడిలా ఉన్నాడు.

"ఉద్యోగంలో ఇరుక్కుపోయాను గురువుగారూ. మానెయ్యమంటారా?" అని మొదలుపెట్టి గంటసేపు గోడు వెళ్ళబోసుకున్నాను.

ఆయన హాయిగా ఆవలించాడు. "ఇంతకీ ఏం పని నాయనా?"

చెప్పాను. ఆయన మొహం వెలిగింది. సంచిలోంచి ఒక మాత్రల డబ్బా తీశాడు. "మోకాళ్ళకిచ్చారు. మంచిదేనా?"

"మా కంపెనీదే. రోజుకొకటి, భోజనం తర్వాత," అన్నాను, చీటీ చూడకుండానే. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

"ఇందులో ఖాళీ కడుపుతో అని ఉందే! నెల్లాళ్ళుగా అలాగే వేసుకుంటున్నా. కడుపులో ఒకటే మంట. దుఃఖమంటే ఇదే కాబోలని కళ్ళు మూసుకుని గమనిస్తూ కూర్చున్నా."

పకపకా నవ్వాను. చీటీ లాక్కుని చూశాక నవ్వు ఆగిపోయింది. ఖాళీ కడుపుతోనే. కింద మూలన తనిఖీ చేసినవారి నంబరు, ఏడు. ఏడు నేనే.

"నేను చదివాను..." అని నసిగాను.

"ఇరుక్కుపోయానన్నావు. ఇది చూస్తే నువ్వసలు అక్కడికి వెళ్ళినట్టే లేదే," అన్నాడు. కోపం లేదు. పొట్ట మాత్రం నిమురుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకా ఎందరి కడుపులు మండుతున్నాయో! ఈయనంటే గమనిస్తూ కూర్చున్నాడు, మామూలు మనుషులేం కావాలి? ఫోను తీశాను. చెబితే ఉద్యోగం పీకేస్తారు. అది వదలాలనేగా ఇంతసేపూ ఏడ్చింది! అయినా మేనేజరు పేరు దాటేసి రెండుసార్లు వెనక్కొచ్చాను.

మేనేజరు విసుగ్గా ఎత్తాడు. తప్పు చెప్పాను, ఆ డబ్బాలన్నీ ఆపించమన్నాను.

"ఎవరయ్యా అది తనిఖీ చేసింది?"

"ఎవరూ చెయ్యలేదు సార్. నంబరు మాత్రం నాది."