మొక్కుజడల సోమన్న

భాస్కరం హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆదివారాలు సభల్లో స్త్రీవిద్య గురించి చెప్పేవాడు. సాయంకాలాలు ఇంట్లో అన్నగారి పిల్లలకు కథ చెప్పేవాడు. మూడింటిలోనూ విన్నవాళ్లు నిద్రపోనిది కథకు మాత్రమే.

ఆ ఏడు రాజమహేంద్రవరంలోని వాళ్ల వీధరుగు మీద నడిచినది సీమనుంచి వచ్చిన ఒక ఇంగ్లీషు నవల. ఇనపగుండులాంటి ఓడలో కూర్చుని ఒక పిల్లవాడు చంద్రుడి మీదికి వెళతాడు. అంతా శాస్త్రప్రకారమేనని భాస్కరం హామీ ఇచ్చాడు. ఇంగ్లీషు పేరుకు పిల్లల నోరు తిరగదని ఆ పిల్లవాడికి సోమన్న అని పేరు పెట్టాడు.

అన్నగారి కూతురు, పదకొండేళ్ల హైమవతికి సోమన్నంటే ప్రాణం. చిక్కల్లా పుస్తకంలో బొమ్మతోనే. ఓడ కిటికీలోంచి తొంగిచూస్తున్న సోమన్నకు రెండు జడలున్నాయి.

“బాబాయ్, మగపిల్లాడికి జడలేంటి?”

భాస్కరం కాస్త దగ్గాడు. “మొక్కుజుట్టే. మన చలపతికి ఐదో ఏడు దాకా లేదూ?”

నిజమే. అంతర్వేదిలో తలనీలాలిచ్చేదాకా తమ్ముడికి తనే జడవేసి పూలు పెట్టేది. అందుకని నమ్మింది. కాని సోమన్నకు పన్నెండేళ్లు! మొక్కు తీర్చకుండా అంతెత్తుకు పంపితే దేవుడికి కోపం రాదూ? ఆ బెంగతో రెండు పూటలు అన్నం సయించలేదు.

ఇంతలో భాస్కరం స్నేహితుల ముందు పిల్లలు ఆ కథ ఆడాలని నిశ్చయమైంది. ఉయ్యాలబల్లే ఓడ. సోమన్న మాటలన్నీ హైమవతికి కంఠోపాఠం.

“సోమన్న వేషం నాకియ్యి, బాబాయ్.”

“మగవేషం నువ్వెలా వేస్తావే? చలపతి వేస్తాడు. నువ్వు చంద్రుడివి. నిచ్చెనెక్కి ఇత్తడిపళ్లెం పట్టుకుని నిలబడు.”

“చంద్రుడు మాత్రం మగాడు కాదూ?”

“మాటల్లేని వేషానికి ఫరవాలేదులే.”

మర్నాడు హైమవతి మొక్కు సంగతి తేల్చుకుందామని పుస్తకం బడికి పట్టుకెళ్లి, అక్కడ పాఠాలు చెప్పే దొరసానిని అడిగింది. “మీ మగపిల్లలకు జడలు ఎన్నో ఏట తీయిస్తారండీ?”

దొరసాని బొమ్మ చూసి నవ్వింది. “ఇది ఆడపిల్లమ్మా. పేరు మేబెల్. కథంతా ఆ పిల్లదే. నేనూ చదివాను.”

ఇంటికొచ్చి హైమవతి పుస్తకం బాబాయి ఒళ్లో పడేసింది. “సోమన్న ఆడపిల్లటగా?”

“మెల్లగా మాట్లాడు. ఆడపిల్ల ఒంటరిగా అంతదూరం వెళ్లిందంటే మీ నాయనమ్మ కథే ఆపించేస్తుందే. మీకోసమే అలా చెప్పాను.”

తలుపవతల వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ మాణిక్యాంబ తల ఎత్తలేదు. “నామీద పెట్టకురా. ఆడైతేనేం, మగైతేనేం? ఆ ఓడలో మడి ఎలా సాగిందో అదొక్కటే నాకర్థం కావట్లేదు.”

భాస్కరం ఒళ్లో పుస్తకం తీసి పక్కన పెట్టాడు.

“అయితే వేషం నాకిస్తావా?” అంది హైమవతి.

“ఇప్పుడు మారిస్తే బాగుండదే. వచ్చేవాళ్లు పెద్దమనుషులు. ఏమనుకుంటారు?”

ఆ పెద్దమనుషులెవరో హైమవతికి తెలుసు. స్త్రీవిద్య ఉపన్యాసాలకు ముందువరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లే. అబద్ధం చెప్పినందుకు కూడా కాదు, సోమన్న మీద తను పడ్డ బెంగంతా చూస్తూ కూర్చున్నాడే, అదీ ఆమె కోపం.

ఆదివారం పెద్దమనుషులొచ్చారు. హైమవతి బాబాయి చెప్పినట్టే నిచ్చెనెక్కి పళ్లెం పట్టుకుంది. ఉయ్యాల ఆగింది. చలపతి కిందికి దూకి, రొమ్ము విరుచుకుని, “చంద్రుడి మీద కాలుపెట్టిన మొదటివాణ్ణి నేనే!” అన్నాడు.

చంద్రుడు పళ్లెం పక్కకు దించాడు.

“అబద్ధం. నీకంటే ముందు మేబెల్ అనే ఆడపిల్ల వచ్చింది. మా బాబాయికి తెలుసు, అడగండి.”

పెద్దమనుషులంతా భాస్కరం వైపు తిరిగారు. హైమవతి మాత్రం ఆయన వైపు చూడలేదు.