గరుకు వైపు

నేను ఒక చెక్కజాలీని. చర్చి గుడిలో జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన పెట్టె నడుమ నిలబడి, అటు ఫాదరునీ ఇటు పాపినీ ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా చూడడం నా ఉద్యోగం. నాకు ఏడుపూ రాదు, నవ్వూ రాదు. ఈ కొలువుకి అంతకుమించిన అర్హత అక్కర్లేదు.

నన్ను చెక్కినవాడు దూదేకుల మౌలాలి. కాలవగట్టున వడ్రంగి. ఇటలీ నుంచి వచ్చిన ఆంజెలో ఫాదరు గుడి కట్టిస్తూ జాలీ ఒకటి కావాలన్నారు. మౌలాలికి తెలిసిన జాలీ దర్గాలోదే. ఎనిమిది కోణాల చుక్కలతో అదే చెక్కేశాడు. పైగా దర్గా జాలీకి నునుపు ముఖం బయటికి ఉంటుంది, బయట నిలబడే ఆడవాళ్ళకి నగిషీ కనబడాలని. ఇక్కడా అలాగే బిగించాడు. దాంతో పాపులకి నునుపూ, ఫాదరుకి గరుకూ దక్కాయి. ఫాదరుకి సాయంగా ఉండే ఉపదేశి జోజప్ప, తిరగేసి బిగించాడని లబోదిబోమన్నాడు. ఫాదరు నా పేళ్ళు తడిమి చూసి, "ఉండనీ, నాకు కునుకు పట్టకుండా ఉంటుంది" అన్నారు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి విన్నాను. మనుషులు ఎంత గొప్పలు పోయినా పాపాల దగ్గర మాత్రం పిసినారులు. పొలంగట్టు జరపడం, అత్తకి శాపనార్థాలు పెట్టడం, అవే తిప్పి తిప్పి వాడతారు. ఎవరివో చెప్పను. ఇప్పుడు చెప్పబోయేది సంకీర్తన కాదు కనక చెప్పొచ్చు.

మౌలాలి కొడుకు దస్తగిరి కాలవలో పోయాడు. తండ్రి అవతలి గట్టు కొట్టుకి మేకుల కోసం పంపితే, వంతెన దాకా నడవలేక ఈదబోయాడు. బిడ్డని పూడ్చిన మర్నాడే మౌలాలి రంపం పట్టాడు. ఏడవలేదు. భార్య ఖాసింబీ ఆ రోజు నుంచీ కొడుకు పేరు ఎత్తలేదు. వండేది, వడ్డించేది. ఇద్దరూ కొయ్యబారిపోయారు.

ఒక శుక్రవారం మౌలాలి నమాజు చదివి తిన్నగా గుడికి వచ్చి, నా నునుపు వైపు కూలబడ్డాడు.

"సామీ, మీవాళ్ళకి చెప్తారే, నీ పాపం పోయిందీ అని. ఆ మాట నాకూ చెప్పండి. వాణ్ణి పంపింది నేనే."

ఆ మాట జ్ఞానస్నానం పొంది క్రైస్తవులైనవాళ్ళకే చెప్పాలి. ఫాదరు "మళ్ళీ రా" అని మాత్రం అన్నారు. మౌలాలి ప్రతి శుక్రవారం వచ్చేవాడు. అడిగిందే అడిగి, కాసేపు కూర్చుని పోయేవాడు.

జోజప్ప ఊరుకుంటాడా? "పండు పండి ఉంది ఫాదరు గారూ. తలమీద నీళ్ళు పోసేస్తే మీ మాటా చెల్లుద్ది, మనకో ఇల్లూ పెరుగుద్ది" అన్నాడు.

"బిడ్డ పోయినవాడితో బేరమాడమంటావా జోజప్పా?" అన్నారు ఫాదరు.

మరుసటి శుక్రవారం మౌలాలి రాగానే ఫాదరు లేచి నునుపు వైపుకి వచ్చి, అతన్ని తన చోట కూర్చోమన్నారు. మౌలాలి బిత్తరపోతూ కూర్చుని, నా గరుకు వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ మీకు చూపించింది ఇదా సామీ?"

ఫాదరు మోకరించారు. "మా అమ్మ పోయింది మౌలాలీ. పోయేముందు నా పేరు పిలిచిందట. నేను ఇక్కడున్నాను. కబురు విని పూజ చేశాను, అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు."

మౌలాలికి ఏ అధికారమూ లేదు, కనక ఏ అడ్డూ లేదు. "పోనీండి సామీ. తల్లి కదా, ఎప్పుడో మాఫ్ చేసేసుంటది."

"మరి బిడ్డ చెయ్యడా?"

మౌలాలి నా పేడు ఒకటి గోటితో గీరుతూ ఉండిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు గానీ రావడం మానలేదు. ఇద్దరూ మతాల గురించి వాదించుకుంటారని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. నిజానికి ఎక్కువసేపు ఊరికే కూర్చునేవాళ్ళు. ఒకసారి మాత్రం మౌలాలి అడిగాడు: "కొడుకు సిలువ మీద పోతుంటే మరియం తల్లి ఏడ్చిందా సామీ? మావాళ్ళు ఆయన అలా పోలేదంటారు లెండి. మీ ప్రకారమే చెప్పండి."

"నిలబడి ఉందని రాశారు. ఏడ్చిందని రాయలేదు" అన్నారు ఫాదరు.

"ఖాసింబీ కూడా అంతే" అన్నాడు మౌలాలి.

ఫాదరు కాలం చేశారు. కొత్త ఫాదరు ఎదురెదురుగా కుర్చీలు వేసి సంకీర్తన వింటున్నారు. నన్ను ఊడబెరికి పాత సామాన్ల గదిలో పడేస్తే, మౌలాలి అడిగి తెచ్చుకుని ఇంటి కిటికీకి బిగించాడు. ఈసారి తెలిసే బిగించాడు. నునుపు వీధికి, గరుకు తనకి.

ఒక మధ్యాహ్నం అతను కిటికీ దగ్గర కూర్చుని ఉంటే, ఖాసింబీ చేతిలో పని వదిలేసి వీధిలోకి వెళ్ళి, నా ముందు నిలబడింది. ఎదురుగా ఉండి చెప్పలేకపోయిందేమో.

"ఆ రోజు దస్తగిరి పోనన్నాడు. ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా అన్నాడు. నేనే చీపురు పుచ్చుకుని తరిమా."

మౌలాలి అరచెయ్యి నా పేళ్ళ మీద ఆనింది. "పోనీ ఖాసింబీ. బిడ్డ కదా, ఎప్పుడో మాఫ్ చేసుంటాడు."

"మరి నువ్వో?" అంది.

మౌలాలి లేచి, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళాడు. ఇద్దరూ నా నునుపు వైపే నిలబడి ఏడ్చారు. గరుకు వైపు ఆ రోజు ఎవరూ లేరు.