ఊడని తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. పలాసలో ఇనుప సామాన్ల కొట్టువాడు నన్ను బల్లమీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి చూపించాడు. నేను చలించలేదు. కొనడానికి వచ్చిన మైలపల్లి గురువులు మురిసిపోయాడు. అప్పుడు నేనూ మురిశాను.

గురువులు అరబ్బు సేటు సరుకు పడవ నడిపే సరంగు. అతని భార్య నూకాలు తమ్ముడు లచ్చయ్య అదే పడవలో తాళ్లూ తెరచాపలూ లాగే కళాసీ. బియ్యం పెట్టెకు నన్ను వేసేవారు. ఒకసారి గాలివానకు దారి తప్పి, తనలో తనే కొట్టుకుచస్తున్న ఒక దేశం ఒడ్డుకు చేరాం. తుపాకులవాళ్లు ఇద్దరినీ గూఢచారులన్నారు. మూతపడ్డ బడిలో, ఆ దేశపు బందీలు ముప్పైమందితో పాటు కుక్కారు. ఆ తలుపుకు సరైన తాళం లేదట. పడవలో దోచిన సామానులోంచి నన్ను తీసి వేశారు.

"ఇది మన తాళమేరా!" లోపలినుంచి గురువులు నవ్వాడు. "గట్టిదే కొన్నాను."

కాపలావాడు సలీం ఒకప్పుడు ఆ బడిలోనే గంట కొట్టేవాడు. చెడ్డవాడు కాదు. బందీలకు రొట్టెలు చల్లారకముందే తెచ్చిపెట్టేవాడు. తర్వాత నన్ను రెండుసార్లు లాగి చూసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం నీళ్లు తోడడానికి లచ్చయ్యను బయటికి తీసి, మళ్లీ నన్ను వేశాడు. అంతలో విమానం వచ్చింది. మొదటి బాంబు పక్కనున్న బజారు మీద పడింది. సలీం ఇల్లు ఆ బజారు వెనకే. కూతురి పేరు అరుస్తూ అటు పరుగెత్తాడు. తాళంచెవి అతని జేబులోనే వెళ్లిపోయింది.

లోపల అందరూ తలుపు బాదుతున్నారు. లచ్చయ్య రాయి తెచ్చి నన్ను కొట్టాడు. వేళ్లు చితికినా కొట్టాడు. ఊడిపోదామని నేనూ కోరుకున్నాను. కానీ నన్ను చేసినవాళ్లు నాకు ఊడటం నేర్పలేదు.

"రాయికి ఊడదురా అది," సందులోంచి అన్నాడు గురువులు. "నువ్వెల్లిపో. ఇమానం మళ్లీ తిరుగుతన్నాది."

"బావా..."

"పోరా! మీ అప్ప నూకాలుకెవులున్నారు?"

లచ్చయ్య గోడ దాటేసరికి రెండో బాంబు బడి మీద పడింది.

సలీం తిరిగొచ్చాడు. ఒంటినిండా కూతురి రక్తం, చేతిలో తాళంచెవి. తెరవడానికి తలుపు లేదు. విరిగిన చెక్కకు గొళ్లెంతో సహా నేను వేలాడుతున్నాను, వేసినట్టే ఉండి. లోపల బందీలున్నట్టు తెలియదని విమానాలవాళ్లు ప్రకటించారు. చంపింది విమానాలవాళ్లేనని తుపాకులవాళ్లు ప్రకటించారు. నా ఊసు ఎవరూ ఎత్తలేదు. చాటుగా తిరిగొచ్చి, చెక్క మీంచి నన్ను పీకి తెచ్చుకున్నవాడు లచ్చయ్య ఒక్కడే.

"తలుపు తీసే ఉన్నాదప్పా," ఇంటికొచ్చి నూకాలుతో చెప్పాడు. "బావకి తెలీనే తెలీదు. ఒక్క చిటికెలో అయిపోనాది."

మొగుడి వస్తువని ఆమె నన్ను చెంపకు ఆనించుకుంది. కొంగుతో తుడవబోయి ఆగింది. నా మీద రాతి గాట్లు. నా కొక్కెం మూసుకునే ఉంది.

"తీసే ఉన్నాదన్నావు?"

లచ్చయ్య తల దించుకుని అంతా చెప్పాడు. ఆమె అతని చితికిన వేళ్లు తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆడే పొమ్మన్నాడు గదరా. నీ తప్పేటున్నాది?"

ఆ మాట తమ్ముడికి. నన్ను మాత్రం నేలమీద పెట్టేసింది.