సెగ్గడ్డ పుట్టిల్లు

పాప తొడ మీది సెగ్గడ్డకి ఆమె కట్టు మారుస్తుంటే గుమ్మంలో నిలబడి అత్తగారు అననే అన్నారు. "ఆ ఆస్పత్రి క్రిముల్ని ఇంటికి మోసుకొచ్చేది ఎవరో నేను చెప్పాలా ఏంటి!"

ఫోన్లోంచి తలెత్తకుండానే భర్త వంత పాడాడు. "మందులకి లొంగని రకమట. ఇంకా ఎందుకా ఉద్యోగం? పాప కంటే ఎక్కువా?"

ఆస్పత్రి ల్యాబులో క్రిముల్ని పెంచి, ఏది ఏ మందుకి చస్తుందో తేల్చడం ఆమె పని. ఇంటికొచ్చి స్నానం చేస్తే గానీ పాపని ముట్టుకోదు. అయినా ఆ మాట గుండెల్లో దిగబడిపోయింది. నిజంగా నేనే అంటించానా? ఈ చేతులతోనేనా? నా వల్లే అయితే రేపే మానేస్తాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఇంటిల్లిపాది తువ్వాళ్లూ ఉతికి ఆరేసింది, ఎప్పట్లాగే.

డాక్టరు సరేననడంతో పాప చీముతో పాటు, ఆ క్రిమి చడీచప్పుడు లేకుండా దాక్కునేది ముక్కులోనే కాబట్టి, అందరి ముక్కుల్లోంచీ నమూనాలు తీసి జన్యుపరీక్షకి పంపింది. ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి అత్తగారు చేసిన రాద్ధాంతం ఇంతా అంతా కాదు.

ఆ క్రిమికి పేరొకటే గానీ పుట్టిళ్లు రెండు. ఆస్పత్రిలో పెరిగిన రకం జన్యువుల్లో పెద్ద మూటే మోస్తుంది, చాలా మందుల్ని అదే ఓడిస్తుంది. బయట పెరిగిన రకానిది చిన్న మూట. మామూలుగా వాడే మందులకి లొంగకపోయినా మిగతా చాలా వాటికి లొంగుతుంది గానీ, గడ్డలు లేపే విషపు జన్యువు ఎక్కువగా దీని దగ్గరే ఉంటుంది.

ఫలితం వచ్చిన రోజు భోజనాల దగ్గరే భర్తతో చెప్పేసింది. "పాపది బయటి రకం, ఆస్పత్రిది కాదు. అచ్చం అదే మీ ముక్కులో ఉంది. నా ముక్కులో ఏదీ లేదు. మొన్నామధ్య జిమ్ నుంచి మెడ మీద గడ్డతో వచ్చి దోమ కుట్టిందన్నారు, గుర్తుందా? ఆ జిమ్ టవల్‌తోనే పాపకి ఒళ్లు తుడిచారు."

అత్తగారు కొడుకు కంచంలో ఇంకాస్త కూర వేశారు. "మగాడికి అవన్నీ ఏం తెలుస్తాయి, పాపం! ఎవరికైనా వస్తుందిలే."

జిమ్ మానెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. ఆమె కాసేపు ఎదురుచూసింది కూడా.

"సరే, నీ తప్పేం లేదని తేలిందిగా," అన్నాడు భర్త, వరమిస్తున్నట్టు. "ఉద్యోగం చేసుకోలే."

నిన్నటిదాకా మానేద్దామనుకున్న మనిషికి ఫక్కున నవ్వొచ్చింది. లేచి వెళ్లి, జిమ్ సంచీలోంచి అతని తువ్వాలు తీసి అతని ఒళ్లోనే పడేసింది.

"నా తప్పేనని తేలినా మానేదాన్ని కాదు. చేతులు ఇంకోసారి కడుక్కునేదాన్ని, అంతే. మీ టవల్ మీరు ఉతుక్కోండి. వేడినీళ్లలో."