ఇతణ్ణి పంపింది నేనే

డాక్టర్ హ్యూ పారీ ఈ జన్మలో నా ఉత్తరానికి ఒక్క జవాబు రాసిన పాపాన పోలేదు, ఆయన పేషెంట్ల నడుములు నా చేతికొచ్చినప్పుడల్లా ఇదీ చూశాను, ఇదీ చేశాను అని మర్యాదకు రాసేవాణ్ణి, గోడకు చెప్పుకున్నట్టే, సర్కారు ఆరోగ్య సంస్థ రెండేళ్లు నాకు డబ్బిచ్చి నడుం నొప్పి వాళ్లను నా దగ్గరికి పంపిస్తే ఆయనకు అదీ కిట్టలేదు, మా కైరోప్రాక్టర్లు వెన్నుపూసలు టకటకలాడించి మాయచేస్తారని మీటింగులో అని ఆపించేశాడు, అననీ, ముందు ఆసుపత్రి దారికి అడ్డంగా ఉన్న ఈ గొర్రెల ట్రక్కు పక్కకు తప్పుకుంటే చాలు, వాన, కొండ మలుపులు, పక్క సీట్లో ఇద్వాల్, బస్సు నడిపే మనిషి, మొహం సున్నం కొట్టినట్టుంది, మెల్లగా పోనీరా ఎమ్లిన్, గుంట వచ్చినప్పుడల్లా ప్రాణం పోతోంది అంటాడు, నీ బస్సులో మేము పాతికేళ్లుగా పడుతున్నది అదేరా అంటాను, నవ్వబోయి తలుపు పట్టుకుంటాడు.

పొద్దున నా దగ్గరికొచ్చి, నడుం ఒక్కసారి టక్కుమనిపించు, మధ్యాహ్నం డ్యూటీ ఉంది అన్నాడు, బల్ల మీద బోర్లా పడుకుని, రెండు కాళ్లూ లాగుతున్నాయి, సైకిలు సీటు తగిలే చోటంతా మొద్దుబారింది, నిన్న సాయంత్రం నుంచి ఒంటేలు రావట్లేదు అని మాటల మధ్యలో జారవిడిచాడు, నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి, వెన్ను చివర నరాల కట్ట నలుగుతోందన్నమాట, ఇవాళ కత్తి పడకపోతే బతికినంతకాలం గొట్టం పెట్టుకుని తిరగాలి, కాళ్లూ దక్కకపోవచ్చు, పారీ క్లినిక్కుకు ఫోన్ చేస్తే ఎత్తిన పిల్ల మీరు డాక్టరా, కాదుగా, అయితే పేషెంటునే చేయమనండి అంది, అంబులెన్సు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు, కారు తీశాను.

దారిలో పాఠం చెప్పలేదు, ఈ లోయలో నా దగ్గరికొచ్చే వాళ్లందరికీ అది కంఠతా వచ్చు, ఆసుపత్రిలో నా పేరెత్తకండి, ఇంట్లోవాళ్లు పొమ్మన్నారనండి, నా పేరు చెబితే ముందు చీవాట్లు, తర్వాతే మందు, పైగా ఏ నరం ఎక్కడ తెగినా అది నేను తెంపిందే అవుతుంది, పదహారేళ్లకు బడి మానేసి ఉక్కు కొలిమి దగ్గర వీపు విరుచుకుని, ముప్పై దాటాక పుస్తకం పట్టి సంపాదించుకున్న లైసెన్సు, ఒక్క ఫిర్యాదుతో పోతుంది.

ఆసుపత్రి హాలు నిండా జనం, చిప్స్ వాసన, తడి కోట్లు, కిటికీ వెనక నర్సు కారిస్, మా వీధి పిల్లే, ఎవరు పంపారు బాబాయ్ అంది, ఇద్వాల్ అలవాటు ప్రకారం మా ఆవిడ పొమ్మందమ్మా అన్నాడు, కారిస్ కళ్లజోడు పైకెత్తి, నీకు ఆవిడెప్పుడొచ్చింది, మా పిన్నిని పెళ్లికని చాపెల్ గుమ్మం దాకా తెచ్చి పారిపోయింది నువ్వేగా అంది, వరసంతా నవ్వింది, ఇద్వాల్ కూడా, చెమటలు కారుస్తూనే, ఏమైందో చెప్పు అంటే నడుం నొప్పి అన్నాడు, అంతే, ఆ నలుగురిలో, ఎత్తుకుని ఆడించిన పిల్లతో ఒంటేలు మాట చెప్పలేక గొంతులోనే మింగాడు, సరే కూర్చో, పొద్దుపోతుంది, టీ తాగు అంటూ తర్వాతివాళ్లను పిలుస్తోంది, వీడు నిజంగానే కుర్చీ వెతుక్కుంటున్నాడు, ఆ కుర్చీలో కూర్చుంటే వీడి పని అయిపోయినట్టే.

ఇతణ్ణి పంపింది నేనే, ఎమ్లిన్ బేనన్, కైరోప్రాక్టర్‌ని, రాసుకో అన్నాను, వెనక ఎవరో అబ్బో అన్నారు, కారిస్ మొహంలో నవ్వు పోయింది, ఏం చేశావ్ ఎమ్లిన్, విరిచావా అంది, విరవలేదు, గుండుసూదితో స్పర్శ చూశాను, సుత్తితో మడమలు తట్టాను, అంతకుమించి చెయ్యి వేస్తే ఒట్టు, కూర్చునేచోట తిమ్మిరి, నిన్నటి నుంచి ఒంటేలు బంద్, రాయి అన్నాను, ఆమె రాయలేదు, లేచి చక్రాల కుర్చీ కోసం అరిచింది, డిపోకి ఫోన్ చెయ్యరా అంటూ ఇద్వాల్ తలుపుల అవతలికి వెళ్లిపోయాడు.

కుర్ర డాక్టరొకడు వచ్చి అవే అడిగాడు, అవే చెప్పాను, స్కాన్ అయింది, ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నాం అన్నాడు, మెచ్చుకోలేదు, తిట్టలేదు, పంపినవారు అన్నచోట నా పేరు రాసుకుని వెళ్లాడు, ఆ కాగితం నకలు పారీ బల్ల మీదికి వెళ్తుంది, వెళ్లనీ, ఇద్వాల్ కాళ్లు కదలకపోతే నన్నే బోను ఎక్కిస్తారు, ఎక్కుతాను, ఎవరు పంపారంటే ఇకమీదట ఈ లోయలో నా పేరే చెబుతారు, చెప్పమంటాను, ఇన్నేళ్లూ పారీ నా రాజ్యం లాక్కున్నాడన్నట్టు తల దించుకుని తిరిగాను, ఏం లాక్కున్నాడు, ఆ రెండేళ్లు వాళ్ల హెల్త్ సెంటర్లో మంగళ శుక్రవారాలు నాకిచ్చిన గది, చెత్తడబ్బాల వైపు కిటికీ, పొడవు పదడుగులు, వెడల్పు తొమ్మిది, పోయింది అంతే.