వేలి మీద టోపీ

పొద్దున్నే వర్క్‌షాపు తలుపు తీయగానే అక్క చేసే మొదటి పని గ్లోవ్స్ పరీక్ష. ఒక్కో గ్లోవ్‌ని గాల్లో ఊపి, గాలి నింపి, మణికట్టు దగ్గర మెలిపెట్టి నీళ్ళ బకెట్లో ముంచుతుంది. ఎక్కడైనా సూది మొనంత కన్నం ఉన్నా బుడగ వచ్చేస్తుంది. బుడగ వచ్చిన గ్లోవ్ నేరుగా చెత్తడబ్బాలోకి. కాసేపటికి బాబాయి వచ్చి, ఆ చెత్తడబ్బాలోంచే దాన్ని ఏరుకొచ్చి, "బంగారంలాంటి గ్లోవ్ పారేశావేంటమ్మాయ్?" అంటాడు. అక్కడితో అక్కకి రోజు మొదలైనట్టు లెక్క.

వర్క్‌షాపు బాబాయిదే. అద్దాల మీద డిజైన్లు వేసే పని. తలుపులకీ, ఆఫీసు గదుల అడ్డుగోడలకీ పెట్టే అద్దాల మీద స్టిక్కరు అంటిస్తారు. డిజైన్ ఎక్కడ రావాలో అక్కడ బ్లేడుతో కోసి తీసేస్తారు. దాని మీద తెల్లటి పేస్టు పూస్తారు. స్టిక్కరు లేనిచోట పేస్టు అద్దాన్ని కొరికి, మంచు పట్టినట్టు తెల్లగా చేస్తుంది. తర్వాత పేస్టు గీకి తీసి, కడిగి, స్టిక్కరు ఒలిచేస్తారు. ఎంత కడిగినా స్టిక్కరు అంచుల కింద కొంచెం పేస్టు మిగిలే ఉంటుంది.

ఆ పేస్టు గదికి పెద్ద అక్కే. ఆ గదిలో మంచినీళ్ళ సీసా కనిపించినా, ఎవరైనా కళ్ళద్దాలు నుదుటి మీదికి జరుపుకున్నా ఆమె గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుంది. పాపం, ఊరికే అరవదు. ఆ పేస్టు చూడటానికి ఎంత అమాయకంగా ఉంటుందో! అందులో ఉన్నది ఫ్లోరైడ్. మామూలు యాసిడ్ చుక్క పడితే చుర్రుమంటుంది, మనిషి ఎగిరి గంతేసి కుళాయి దగ్గరికి పరిగెత్తుతాడు. ఇది అలా కాదు. అంటుకున్నప్పుడు కిమ్మనదు. చర్మంలోంచి మెల్లగా లోపలికి దిగి, ఎప్పటికో, మనిషి ఆ సంగతే మరిచిపోయాక, ఎముక దగ్గర నొప్పి మొదలుపెడుతుంది. ఒంట్లో కాల్షియాన్ని పట్టుకుని వదలదు. ఎక్కువ దిగితే గుండె కూడా లయ తప్పుతుంది. ఇదంతా రాసి ఉన్న పెద్ద కాగితాన్ని అక్క గోడకి అంటించింది. దాని మీద బాబాయి క్యాలెండరు తగిలించాడు. ఆమె క్యాలెండరు తీసి పక్కన పెట్టింది. ఆయన మళ్ళీ తగిలించాడు. ఆ గోడకి వేరే మేకు లేదట.

"మేకు కొట్టుకోవచ్చు కదా బాబాయ్?"

"గోడ పాడైపోదూ?"

ఆమె తల పట్టుకుని వెళ్ళిపోయింది.

పనివాళ్ళంతా, ఆమె కన్నా పెద్దవాళ్ళతో సహా, అక్కా అనే పిలుస్తారు. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. అతన్ని అందరూ గోరు అంటారు. కుడి చూపుడువేలికి పొడవాటి గోరు పెంచాడు. స్టిక్కరు అంచు కింద ఆ గోరు దూర్చి, ఎంత సన్నటి తీగనైనా, పువ్వు రేకునైనా చిరగకుండా లేపేస్తాడు. ఇంకెవరు లేపినా చివర్లు పీలికలవుతాయి. పెద్ద ఆర్డరొస్తే బాబాయి ముందు వెతికేది వాణ్ణే. చిన్నప్పుడు ఏ పనికీ నిలకడ లేదని ఇంట్లో తిట్లు తిన్నవాడు. ఆ గోటితో మొదటిసారి మనిషయ్యాడు. కూరగాయలు తరగమంటే కూడా, "నా గోరు!" అంటాడు. వాళ్ళావిడ దాన్ని సవతి అని పిలుస్తుంది.

ఆ రోజు ఒక హోటల్ తలుపుల అద్దాలు వచ్చాయి. అన్నీ సన్నటి ఆకులూ లతలూ. సాయంత్రానికి లారీ వస్తుందని బాబాయి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గోరు పొద్దున్నుంచీ తలెత్తలేదు. అక్క పేస్టు గది గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా చూసింది. చేతికి గ్లోవ్స్ ఉన్నాయి, ముఖానికి షీల్డు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. ఒక్కసారైనా మాట పడకుండా పని చేస్తున్నాడే అని ఆమె లోలోపల మురిసింది కూడా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బాగానే ఉన్నాడు. ఆ తర్వాత కాసేపటికి చన్నీళ్ళ సీసాని చూపుడువేలికి ఆనించుకుని కూర్చోవడం ఆమె కంటపడింది.

"ఏమైందిరా?"

"తలుపులో పడింది."

"ఏ తలుపులో?"

"తలుపులో అక్కా! తలుపుకి పేరుంటుందా?"

"చూపించు."

"నువ్వు డాక్టరువా? పో, పని చూసుకో."

వేలు ఎర్రగా కూడా లేదు. కొస దగ్గర కొంచెం పాలిపోయినట్టుందంతే. తలుపులో నలిగితే కమిలి ఉండాలే అని ఆమెకి అనిపించింది. ఇంతలో బాబాయి లారీ వచ్చేస్తోందని కేకేశాడు. ఆమె పరిగెత్తింది.

లారీకి అద్దాలెక్కించి వచ్చేసరికి గోరు లేడు. వీధి మలుపులో ఉన్న చిన్నాసుపత్రికి వెళ్ళాడని చెప్పారు. "తలుపు దెబ్బకి ఆసుపత్రేంటో! ఈ కాలం కుర్రాళ్ళు మరీ సుకుమారం," అన్నాడు బాబాయి.

అక్క సాయంత్రం గ్లోవ్స్ పోగు చేసుకుంది. పొద్దున ఎలా చూస్తుందో సాయంత్రం కడిగాక కూడా అలాగే చూస్తుంది. తను గ్లోవ్స్ తొడుక్కుని అన్నీ కడిగింది. గోరు బల్ల మీద వదిలేసిన జత కూడా కడిగి, కుడిచేతిదానిలో గాలి నింపి, మెలిపెట్టి నొక్కింది.

టప్‌మని చూపుడువేలి కొస ఊడి, ఎగిరి, గోడకి తగిలి కింద పడింది.

ఆమెకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వంగి దాన్ని పట్టకారుతో తీసింది. గ్లోవ్ వేలి కొస. కత్తెరతో శుభ్రంగా, గుండ్రంగా కోసినది. చిన్న టోపీలా ఉంది. లోపల అడుగున తెల్లగా పేస్టు అట్టకట్టి ఉంది.

అప్పుడు అంతా కళ్ళకు కట్టింది. గ్లోవ్ ఉంటే గోరు స్టిక్కరు కిందికి దూరదు. అందుకని వేలి కొస కోసేశాడు. అక్క గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ కొసని టోపీలా మళ్ళీ వేలికి తొడిగేవాడు. దూరం నుంచి అయిదు వేళ్ళూ నిండుగా కనిపిస్తాయి. ఆమె చూడటానికిచ్చే జత వేరు, పనిచేసే జత వేరు. ఇవాళ నొప్పి వల్ల మార్చడం మరిచిపోయాడు. తడి వేలు, దాని మీద మూత. పేస్టుని తీసుకెళ్ళి గోటికింద పెట్టి భద్రంగా కప్పినట్టు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా నాయనా," అంది పళ్ళు నూరుతూ.

మందుల పెట్టె తెరిచింది. పేస్టుకి విరుగుడైన కాల్షియం జెల్ ట్యూబు ఉండాల్సిన చోట నలిగిపోయిన ఖాళీ ట్యూబు ఉంది.

"బాబాయ్! ఈ జెల్ ఏమైంది?"

"మడమలు పగిలాయమ్మాయ్. అది బాగా పనిచేస్తుంది తెలుసా? కాల్షియం కదా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బాబాయి నుంచి దాచడానికే తన సంచిలో పెట్టుకున్న కొత్త ట్యూబు తీసి, పేస్టు డబ్బా మీది లేబుల్‌ని ఫోన్లో ఫోటో తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగందుకుంది.

ఆసుపత్రిలో గోరు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నుదుటి నిండా చెమట. డాక్టరమ్మ చేతిలో సూది ఉంది.

"నొప్పి తెలియకుండా చేస్తాను. ఇంటికెళ్ళి పడుకో. రేపు వస్తే ఎక్స్‌రే తీద్దాం," అంటోంది.

"ఆగండి మేడం! అది తలుపు కాదు," అంది అక్క గుమ్మంలోంచే. "ఫ్లోరైడ్. అద్దాల పేస్టు. పొద్దుట్నుంచీ గోటికింద ఉంది."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఫోన్లో లేబుల్ చూసింది. తర్వాత గోరు ముఖంలోకి చూసింది.

"ఏ తలుపని రెండుసార్లు అడిగానా లేదా?"

గోరు నేల చూపులు చూశాడు.

"బాత్రూం తలుపన్నావు! పైగా గడియ కూడా వదులైందన్నావు!" ఆమె సూది పక్కన పడేసింది. "నేను మొద్దుబారేలా చేసి పంపిస్తే, నువ్వు హాయిగా నిద్రపోయేవాడివి, అది హాయిగా ఎముకలోకి దిగేది. మాకు దారి చూపించేదే ఆ నొప్పి. లేపండి, కుళాయి దగ్గరికి."

ఎడతెగకుండా నీళ్ళ కింద పట్టారు. ఛాతీకి తీగలు అంటించి గుండె గీతలు చూసే యంత్రం పెట్టారు, రక్తం తీశారు. డాక్టరమ్మ ఆసుపత్రి గ్లోవ్‌లో జెల్ నిండా పిండి, వాడి చేతికి తొడిగింది. వేలిని వదలకుండా రుద్దమని అక్కకి చెప్పింది, అదీ గ్లోవ్స్ వేసుకుని. అక్క రుద్దసాగింది. వేలు చుట్టూ నొప్పి తగ్గింది. గోటికింద మాత్రం అలాగే ఉంది.

"గోరు తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ. "జెల్ దాని కిందికి వెళ్ళట్లేదు. ఇప్పుడు దేనికి వైద్యం చేస్తున్నామో తెలుసు కాబట్టి మత్తిచ్చే తీస్తాను."

"గోరా? వద్దు," అన్నాడు గోరు.

"ఏంటి వద్దు?"

"మేడం, ఇంకేదైనా చెయ్యండి. చుట్టూ సూదులు గుచ్చండి. గోరు మాత్రం వద్దు."

"అది కొసతో ఆగదయ్యా. ఆలస్యమైతే వేలే తీయాల్సి రావచ్చు."

"రేపటిదాకా చూద్దాం."

డాక్టరమ్మ అక్క వైపు తిరిగి, "మీ వాడేనా?" అంది, ఎవరో గుమ్మం ముందు వదిలేసి పోయిన సామాను గురించి అడిగినట్టు.

"నా ఖర్మ, మా వాడే," అంది అక్క. "ఒరేయ్, గోరు కోసం వేలు వదులుకుంటావా? తర్వాత ఆ గోటిని దేనికి అంటించుకుంటావు? ముక్కుకా?"

"నీకేం, ఎన్నయినా అంటావు. గోరు లేకపోతే నన్నెవడు పిలుస్తాడే అక్కా? అద్దాలు మోయడానికా? అందరూ ఒలుస్తారు. నాలాగా ఎవడూ ఒలవడు."

"మరి ఆ సంగతి నాతో చెప్పొచ్చు కదరా! గ్లోవ్‌తో అంచు లేవట్లేదని! ప్లాస్టిక్ గరిటో, చెంచానో, ఏదో ఒకటి చూసేదాన్ని కదా! టోపీలు కుట్టుకుంటావా?"

"చెప్తే అరుస్తావు."

"అరుస్తానని డాక్టరుకి కూడా అబద్ధం చెప్తావా?"

"నువ్వు వెనకే వస్తావని తెలుసు. ఈవిడ ముందు కూడా అరుస్తావని..." ఆగాడు. "ఇప్పుడు అరుస్తూనే ఉన్నావు, చూడు."

నిజమే. యంత్రం చూస్తున్న నర్సు కూడా తలెత్తి చూస్తోంది. అక్క నోరు మూసుకుంది. పొద్దున గుమ్మం దగ్గర తను మురిసిపోయిన ఆ నిండైన అయిదు వేళ్ళు గుర్తొచ్చాయి. తను అక్కడ నిలబడినప్పుడల్లా వాడు టోపీ పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు నిలబడితే అన్నిసార్లు.

"అరవనని ఒట్టేస్తావా?" అన్నాడు వాడు.

"వెయ్యను," అంది ఆమె. "వేసినా ఆగను, నీకూ తెలుసు. అరుస్తాను. నేను అరిచినా నువ్వు చెప్పాలి. తిట్లు తింటే ఏం పోతుంది? ఇది తింటే వేలు పోతుంది." రుద్దడం ఆపలేదు. "గోరు మళ్ళీ వస్తుందా మేడం?"

"రావచ్చు. వంకరగా రావచ్చు. వేలుంటేనే వస్తుంది."

గోరు తన చేతి వైపు చూశాడు. జెల్ గ్లోవ్‌లోంచి పొడవాటి ఆ గోరు మసకమసకగా కనిపిస్తోంది. వేలు మళ్ళీ ఒక్కసారి పీకినట్టుంది, పళ్ళు కరుచుకున్నాడు.

"తీసెయ్యండి," అన్నాడు. "మా ఆవిడకి చెప్పకండి. సంబరపడిపోతుంది."

తీస్తున్నంతసేపూ ముఖం అటు తిప్పుకుని అక్క ఎడమచెయ్యి పిసికేశాడు. గోటికింద చర్మం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. డాక్టరమ్మ జెల్ నేరుగా దాని మీద పెట్టి, వేలి లోపలికి సన్నటి సూదితో కాల్షియం కూడా ఎక్కించింది. మత్తు దిగాక నొప్పి తిరిగి రాలేదు. గుండె గీతలు సరిగానే ఉన్నాయి. అయినా రేపటిదాకా ఇక్కడే ఉండి తీరాలంది. వేలు నిలబడుతుందనే అనుకుంటున్నానంది.

అక్క అప్పుడు కూర్చుంది.

బాబాయి తలుపు తోసుకుని వచ్చాడు. "ఎలా ఉందిరా? హోటలాయన ఫోన్ చేశాడు, పని బ్రహ్మాండంగా ఉందన్నాడు."

అక్క లేవబోయి, మళ్ళీ కూర్చుని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఒకటి చెప్పు. ఇంకెవరు కోసుకున్నారు?"

"ఏంటి?"

"గ్లోవ్ కొస. నువ్వొక్కడివేనా?"

గోరు గొంతు సవరించుకున్నాడు. బాబాయిని చూశాడు, పైకప్పుని చూశాడు, కట్టుకట్టిన వేలిని చూశాడు.

"అరుస్తావు."

"అరుస్తాను. చెప్పు."

"పాలిష్ చేసే ఆయన. కానీ ఆయన వారం నుంచి పనికి రావట్లేదు." కళ్ళు మూసుకుని అనేశాడు. "ఇవాళ పని తెమలట్లేదని బాబాయి కూడా కాసేపు ఒలవడానికి కూర్చున్నాడు. నేనే కోసిచ్చాను."

బాబాయి కుడిచెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళిపోయింది.

"బాబాయ్."

"నాకేం కాలేదమ్మాయ్. కడుక్కున్నాను కూడా."

"చెయ్యి బయటికి తియ్యండి."

"ఏదో కొంచెం తిమ్మిరిగా ఉందంతే, వయసు..."

"బాబాయ్!"

ఆ కేక ఆసుపత్రి గేటు దాకా వినిపించి ఉంటుంది. డాక్టరమ్మ మాత్రం నెమ్మదిగా మాట్లాడమనలేదు. ఇంకో గ్లోవ్ తీసి, అందులోకి జెల్ పిండుతూ, కాలితో ఒక స్టూలు ముందుకు తోసింది.